డాబా పక్క తాటాకిల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి రావాలంటే ఎంతటివారైనా తల వంచాల్సిందే. తాటాకు చూరు అంత కిందికి ఉండేది. పి.గన్నవరం దగ్గర మా వీధిలో మస్కట్, కువైట్ వెళ్ళొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే డాబాలు కట్టుకుంటుంటే, మాది మాత్రం మట్టిగోడల మీద ఆకు కప్పుతో అలాగే ఉండిపోయింది. బడి నుంచి వచ్చేటప్పుడు స్నేహితురాళ్ళు సందు దాటేదాకా ఆగి, అప్పుడు లోపలికి దూరేదాన్ని.

పక్కింటి మావయ్యగారు మస్కట్ డబ్బుతో కట్టిన డాబా అన్నిటికన్నా పెద్దది. దానికోసం పడమటివైపు కొబ్బరిచెట్లన్నీ కొట్టించారు. చెడ్డవారు కాదు గానీ, మాట దురుసు. మేం కొత్త తాటాకు కప్పించే రోజున, పాత ఆకును మా నాయనమ్మ కొబ్బరి పాదుల్లో ఎరువుకి వేయిస్తుంటే దడి మీంచి చూసి నవ్వారు.

"ఇంకా ఎన్నాళ్ళండీ పిన్నిగారూ ఈ ఆకుల కొంప? నిప్పురవ్వ పడితే ఏం మిగులుద్దండీ?"

"నిజమే బాబూ, నిప్పంటే భయమే," అని నాయనమ్మ తన పనిలో తానుండిపోయింది. నాకు మాత్రం భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఆ వేసవిలో ఆయన కూతురు పురిటికొచ్చి ఆడపిల్లను కన్నది. రోహిణీ కార్తె వచ్చేసరికి డాబా పొయ్యిమీది పెనంలా కాలిపోయేది. కరెంటు పోతే చాలు, పసిదాని ఏడుపు మా పెరట్లోకి వినిపించేది. ఒళ్ళంతా చెమటకాయలు పేలాయని, పాలు కూడా తాగడం లేదని అమ్మ చెప్పింది.

ఒక మధ్యాహ్నం మావయ్యగారు మా చూరు కిందికి వంగి వచ్చారు. మళ్ళీ ఏమంటారోనని నేను తలుపు చాటుకి పోయాను. ఆయన వానల సంగతి అడిగారు, కాలవకి నీళ్ళెప్పుడు వదులుతారని అడిగారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. పక్కింట్లో పిల్ల ఏడుస్తూనే ఉంది. అంత పెద్దమనిషి నేలచూపులు చూడడం అదే మొదటిసారి చూశాను. అప్పటిదాకా సిగ్గుపడడం నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

నాయనమ్మ విసనకర్ర పక్కన పెట్టింది.

"పగలల్లా ఒక్కదాన్నీ, పొద్దుపోటం లేదు బాబూ. మీ అమ్మాయినీ మనవరాల్నీ కాస్త మా ఇంటికి పంపుదురూ, నాకు కాలక్షేపం."

వంటింట్లో అమ్మ ఉంది. తలుపు వెనక నేనున్నాను.

"ఆయ్... అలాగేనండి, తప్పకుండానండి," అని ఆయన కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళారు.

దూలానికి ఉయ్యాల కట్టారు. అలికిన నేల చల్లదనానికి, చూరు కిందనుంచి వచ్చే గాలికి ఆ పిల్ల సాయంత్రందాకా కదలకుండా నిద్రపోయింది. ఉయ్యాల ఊపుతూ నేను సిగ్గుతో కుంచించుకుపోయాను. ఈసారి మా ఇంటిని చూసి కాదు, దాన్ని చూసి ఇన్నాళ్ళూ తలదించుకున్నందుకు.

మరుసటేడు మావయ్యగారు డాబా మీద తాటాకు పాక వేయించి, పడమటివైపు మళ్ళీ కొబ్బరిమొక్కలు నాటారు. నాయనమ్మ ఆ పాత మాట ఏనాడూ ఎత్తలేదు.

ఈమధ్య అమలాపురంలో ఇల్లు కట్టుకున్నప్పుడు స్థలంలోని చెట్లు కొట్టనివ్వలేదు. గోడలు మందంగా పెట్టించి, చుట్టూ పెంకుల వసారా దింపించాను. "ఈ రోజుల్లో పెంకులేంటండీ?" అని చుట్టాలు నవ్వితే, ఈ వయసులోనూ ఒక్క క్షణం నా ముఖం వేడెక్కుతుంది. ఆ సిగ్గు పూర్తిగా పోలేదు. కానీ ఎండనపడి వచ్చినవాళ్ళెవరైనా గుమ్మం దగ్గర తటపటాయిస్తే, ఊరికే రమ్మనను. "ఒక్కదాన్నీ ఉన్నానండీ, కాసేపు కూర్చుని వెళ్ళండి," అంటాను, లోపల మనవలు గోల చేస్తున్నా సరే.