ఖాళీ గడులు

"ఇంకోసారి విందాంరా" అనేది మా ల్యాబ్ సీనియర్ అక్క, చెవులు రుద్దుకుంటూ.

అమెరికాలో, పిస్కాటవేలో మాస్టర్స్ చేస్తూ నేను ఆ ల్యాబ్‌లో పార్ట్‌టైమ్‌గా చేరాను. ఆఫ్రికా అడవుల్లో చెట్లకు కట్టిన రికార్డర్ల నుంచి మాకు హార్డ్‌డిస్కులు వచ్చేవి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఎర్ర కోలబస్ కోతులు ఎన్నిసార్లు అరిచాయో విని షీట్‌లో ఎక్కించడం మా పని.

"తుపాకి పేలితే మిగతా కోతులు పారిపోతాయి. ఇవి కొమ్మ మీదే కూర్చుని ఆ తుపాకినే చూసి అరుస్తాయి. ఇంక వేటగాడు వెతుక్కోవడం ఎందుకు?" అని అక్కే చెప్పింది.

ఏడాది తిరిగేసరికి వాన, కీచురాళ్లు తప్ప ఏమీ వినిపించడం లేదు. అయినా అక్క సున్నా వేసేది కాదు, గడి ఖాళీగా వదిలేసేది. ఖాళీ అంటే విననట్టు లెక్క అని ప్రొఫెసర్ విసుక్కున్నాడు.

"తెలుసురా. లేవని రాయడానికి చెయ్యి రావట్లేదు," అంది అక్క నాతో, కళ్లు మూసుకుని.

గ్రాంట్ అయిపోయి అక్క వెళ్లిపోయాక, ఆ షీట్ ముగించే పని నాకొచ్చింది. సున్నాలు నింపడం పది నిమిషాల పని. కానీ పక్కన 'ఎన్నిసార్లు విన్నారు' అని ఒక కాలమ్ ఉంది. నేనెప్పుడూ అందులో ఒకటే వేసేవాణ్ణి. చివరి రికార్డింగ్ దగ్గర అక్క పదకొండు వేసి ఉంది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరిదాకా విన్నాను. వాన ఒక్కటే. పదకొండుని పన్నెండు చేసి, ఖాళీ గడిలో సున్నా పెట్టాను.