ఆగిన పడవకు చుక్కాని

నా చిన్నప్పుడు నా నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. ఊళ్లోవాళ్లు ‘వకీలు పిల్ల’ అని పిలుస్తుంటే అదేదో మెచ్చుకోలు అనుకొని మురిసిపోయేదాన్ని. ఆ నోటితోనే ఒకరోజు మా తాతను పది మందిలో నవ్వులపాలు చేశాను. అరవై ఏళ్లు దాటింది, ఆ తప్పు నన్నింకా వదల్లేదు.

మా ఊరు గద్వాల వైపు, కృష్ణ ఒడ్డున. పెద్ద బడి ఆవలి ఒడ్డున, వనపర్తి వైపు ఉండేది. అప్పటికి వంతెన లేదు. మా అమ్మ వాళ్ల నాన్న, అంటే మా తాతే, ఆ రేవులో పడవ నడిపేవాడు. మా మామా ఇంకొకాయనా తెడ్లు వేస్తుంటే, తాత వెనక కూర్చొని చుక్కాని పట్టేవాడు. పడవ తోకకు ఇనుప బందులతో బిగించిన వెడల్పాటి చెక్క అది. దాని పిడి పట్టుకొని అటో ఇటో తిప్పితే పడవ ముక్కు తిరిగేది. నా చోటు ఎప్పుడూ ఆయన మోకాలి పక్కనే.

తాతకు చదువు రాదు గానీ, పడవ ఎక్కిన ప్రతి మనిషినీ ఏదో ఒకటి అడిగి తెలుసుకునేవాడు. తన తాతల కాలంలో చుక్కానే లేదట. ఒక మనిషి వెనక నిలబడి, పొడుగాటి తెడ్డును చంకలో ఇరికించుకొని పడవను మళ్లించేవాడట. వరదొస్తే ఆ తెడ్డును ఇద్దరు పట్టినా ఆగేది కాదట. సముద్రం వైపు కూలికి పోయినవాళ్లు అక్కడి ఓడల తోకకు బిగించిన చెక్కను చూసొచ్చి చెబితే మావాళ్లూ పెట్టించుకున్నారట. విమానానికి కూడా తోక మీద చుక్కాని ఉంటుందని, హైదరాబాదులో విమానాల దగ్గర పనిచేసి వచ్చిన ఒకాయన తాతకు చెప్పాడు. ఆ ముచ్చటంటే ఆయనకు ఎంత ఇష్టమో.

ఆ రోజు సంత. పడవ నిండా జనం, నాలుగు మేకలు, బడికి కొత్తగా వచ్చిన లెక్కల సారు. పైన విమానం పోతుంటే తాత తలెత్తి చూసి, “దానికి గూడ తోక మీద చుక్కాని ఉంటది బిడ్డా, మన పడవకున్నట్టే” అన్నాడు. సారు ముందు తెలివి చూపించుకోవాలని నాకు ఒకటే దురద. “ఆకాశంల నీళ్లున్నయా తాతా, చుక్కాని పెట్టనీకి? జర కోతలు తక్కువ కొయ్యి” అన్నాను. పడవంతా నవ్వింది. సారూ నవ్వాడు. తాత విమానం మీది చూపు దించి, ఆవలి ఒడ్డు వైపు చుక్కాని సరిచేసుకున్నాడు.

అందరూ దిగి వెళ్లాక నా చెయ్యి పట్టుకొని ఆపాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఒడ్డు పక్కన నిలకడ నీళ్లలో ఊరికే నిలిచి ఉన్న పడవను తిప్పమన్నాడు. పిడి పట్టుకొని నా బలమంతా పెట్టి లాగాను. చుక్కాని తిరిగింది, పడవ తిరగలేదు. అప్పుడు మామతో తెడ్డు వేయించి, పడవ ఊపందుకున్నాక రెండు వేళ్లతో నెట్టమన్నాడు. నెట్టాను. అంత పెద్ద పడవా మెల్లగా ముక్కు తిప్పింది.

“నీళ్లయితేంది, గాలైతేంది బిడ్డా. పోతున్నదాన్నే చుక్కాని తిప్పుతది. ఆగినంక ఎంత తిప్పినా ఏం గాదు” అన్నాడు.

తాత చెప్పిందే నిజమని నాకప్పుడే అర్థమైంది. సాయంత్రం అదే పడవ, దాదాపు అదే జనం, అదే సారు. ‘మా తాత చెప్పింది నిజమే’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. తాత నా వైపు ఒకసారి చూశాడు కూడా. నేను పుస్తకాల సంచి సర్దుకుంటూ కూర్చున్నాను. నామోషీ. రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆ రేపు రాలేదు. నా మాట మాత్రం రేవులో పాతుకుపోయింది. ఎక్కిన ప్రతివాడూ “ఏం తాతా, ఆకాశంల నీళ్లు ఎంత లోతున్నయే?” అని అడిగేవాడు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. కానీ ఎవరినీ ఏమీ అడగడం, కొత్త ముచ్చట్లు చెప్పడం మానేశాడు. ఆ ఏడు వరద తగ్గకముందే జ్వరంతో మంచం పట్టి, పట్టిన వారానికే పోయాడు.

పోయిన ఏడాది మా అమ్మాయి నన్ను విమానంలో కాశీకి తీసుకుపోయింది. మెట్ల దగ్గర నిలబడి ఉంటే ముందున్న విమానం తోక కనిపించింది. నిలువు రెక్క వెనక పలక ఒకటి కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది. అచ్చం మా పడవదే. నాకు ఏడుపు ఆగలేదు. విమానం ఎక్కడానికి భయపడుతున్నాననుకొని మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఎవరినైనా ఒక మాట అంటే, ఆ పొద్దు గూకకముందే వాళ్ల ఇంటికి పోయి తప్పొప్పుకొని వస్తాను. ముసల్దానికి చాదస్తమని ఇంట్లో నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఇప్పుడు కృష్ణ మీద వంతెన దాటుతున్నప్పుడల్లా కిటికీలోంచి మా రేవు వైపు చూసి, ‘నువ్వు చెప్పింది నిజమే తాతా’ అంటాను. ఆ పడవ ఎప్పుడో ఆగిపోయిందని తెలుసు. అయినా అంటాను.