మునిరత్నమ్మ అల్లిన కేజులు

పోయిన మంగళవారం పొద్దున్నే ఆండర్సన్‌పేట నుంచి మా అన్న ఫోన్ చేసి, పెద్దమ్మ పోయిందని చెప్పాడు. "ఎవరి పెద్దమ్మ?" అని అడిగాను నేను. నాకున్నది ఒక్క పెద్దమ్మే. తెల్ల నూలు పంపమంటే మీగడ రంగు నూలు పంపానని ఆదివారం నాడే ఫోనులో నన్ను తిట్టిన మనిషి, రెండు రోజుల్లో లేకుండా పోవడాన్ని నా మనసు అంగీకరించలేదు. నిండు వయసు, అనాయాస మరణం అని వచ్చినవాళ్ళందరూ ఓదార్చారు. నిజమే కావచ్చు. ఆ మాటతో నా దుఃఖం రవ్వంత కూడా తగ్గలేదు.

ఆమె పేరు మునిరత్నమ్మ, మా అమ్మకు అక్క. శ్రీనివాసపురం తాలూకా రాయల్పాడులో మామిడితోటల మధ్య పుట్టింది. కోలారు బంగారు గనుల్లో సొరంగాల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసే మా పెదనాన్నను పెళ్ళాడి, గని కార్మికుల వరస ఇళ్ళ లైన్లలోని ఒక చిన్న ఇంటికి కాపురానికి వచ్చింది. అమ్మ పోయాక అన్ననూ అక్కనూ నన్నూ ఆ ఇంట్లోనే పెంచింది. గనులు అప్పటికే సర్కారు పరమయ్యాయి. దొరలు వెళ్ళిపోయినా, వాళ్ళ ఇళ్ళలో కుట్టుపని చేసిన ఒక వృద్ధురాలు మా లైన్లోనే ఉండిపోయింది. పెద్దమ్మ క్రోషా సూది పట్టడం నేర్చుకున్నది ఆమె దగ్గరే.

చదరపు బిళ్ళలుగా లేసు అల్లి, వాటిని ఒకదానికొకటి కలిపి, భుజాల మీద కప్పుకునే వస్త్రంగా చేయడం ఆమె సాధించిన విద్య. దాన్ని కేప్ అంటారని ఆ వృద్ధురాలు చెప్పింది. పెద్దమ్మ ఇంటికి వచ్చి ఆ పేరు చెబితే, గని లిఫ్టు దిగి అప్పుడే వచ్చిన పెదనాన్నకు అది కేజు అని వినబడింది. మనుషులను భూగర్భంలోకి దించే ఆ ఇనుప పంజరాన్ని గనిలో కేజు అనేవారు. "దినామూ కేజులో దిగేది చాల్లేదా, ఇంట్లో ఇంగొకటా?" అన్నాడట. ఆ నవ్వులాట లైనంతా పాకి, ఆ వస్త్రానికి కేజు అనే పేరే స్థిరపడిపోయింది. బడిలో నేర్చిన నా ఇంగ్లీషు పరిజ్ఞానంతో నేను దిద్దబోతే, కేజు మనిషిని పైకి కూడా తెస్తుంది కదా, మంచి మాటే, ఉండనిమ్మంది పెద్దమ్మ.

పుట్టింట పురుడు పోసుకున్న ఆడపిల్ల బిడ్డనెత్తుకుని అత్తింటికి బయలుదేరేటప్పుడు ఆమె భుజాల మీద ఒక కేజు కప్పి పంపడం మా లైన్లో ఆచారమైంది. చలిగాలికీ, పిల్లకు పాలిచ్చేటప్పుడు మరుగుకూ పనికొచ్చేది. ఇంటికొక బిళ్ళ వచ్చేది. అల్లేది అందరూ, కలిపేది మాత్రం పెద్దమ్మ.

అందరికీ ఒకే నూలు, ఒకే సూది, ఒకే లెక్క ఇచ్చినా ఏ రెండు బిళ్ళలూ ఒక్క కొలతకు వచ్చేవి కావు. ఒకరిది బిగువు చెయ్యి, ఒకరిది వదులు చెయ్యి. పెద్దమ్మ ఏ బిళ్ళనూ తిప్పి పంపేది కాదు. బిగువుగా వచ్చిన చిన్నవాటిని మెడ దగ్గర, వదులుగా సాగిన పెద్దవాటిని అంచు దగ్గర పేర్చేది. కేజు మెడకు ఒదిగి, కిందికి వచ్చేకొద్దీ దానంతట అదే విచ్చుకునేది. "ఎవురి చెయ్యీ తప్పు కాదు పాపా. దాన్ని యాడ పెట్టాలో తెలీకుంటే అది మన తప్పు" అనేది. మనుషుల విషయంలోనూ ఆమె అంతే. ఎవరి మీదైనా చాడీలు చెప్పబోతే, చిక్కుపడిన నూలు ఉండ ఒకటి చేతికిచ్చేది. అది విప్పేసరికి చాడీలు మరిచిపోయేవాళ్ళం.

నాకు పదిహేనేళ్ళప్పుడు మా అక్క బిడ్డతో అత్తింటికి బయలుదేరే రోజు దగ్గరపడింది. పెద్దమ్మ రాబర్ట్‌సన్‌పేట సంతకు వెళుతూ, తొలిసారి నన్ను నమ్మి, బిళ్ళలున్న చాటను నాకు అప్పజెప్పింది. వచ్చేలోపల మెడ వరస కలిపి చూపించాలని నా తాపత్రయం. ఒక బిళ్ళ మిగతావాటిలో సగం కూడా లేదు. రాయిలా గట్టిగా ఉంది, ఒక మూల కుట్టు తప్పింది. అక్క మెడ మీద ఇంత వికారమైనదా అనుకున్నాను. కొస లాగి పూర్తిగా విప్పేశాను. అదే నూలుకు మరికొంత చేర్చి చక్కని బిళ్ళ అల్లి కలిపేశాను.

పెద్దమ్మ వచ్చి దాన్ని ఒళ్ళో వేసుకుని వేళ్ళతో తడుముతూ పోయింది. వేళ్ళు ఒకచోట ఆగాయి. "ఇది నాగవేణి చెయ్యి కాదే" అంది.

నాగవేణమ్మ మా ఎదురింటావిడ. అంతకుముందు సంవత్సరం గని లోపల బండ పేలి, మా ఇళ్ళలో గిన్నెలు కూడా కిందపడిన రోజున ఆమె భర్త లోపలే ఉన్నాడు. కబురు వచ్చేదాకా ఆమె మా గడపలో కూర్చుని ఆ బిళ్ళ అల్లుతూనే ఉంది. వచ్చిన కబురు మంచిది కాదు. ఆ తరువాత ఆమె సూది పట్టలేదు. దాచుకున్న ఆ బిళ్ళనే తెచ్చి, తన చేతిది శుభకార్యానికి పనికొస్తుందా అని అడిగితే, మెడ దగ్గరే పెడతానని పెద్దమ్మ మాట ఇచ్చింది. ఇదంతా నాకు ఆ సాయంత్రం తెలిసింది. బిళ్ళనైతే మళ్ళీ అల్లగలను. ఆ రోజును ఎక్కడినుంచి తేగలను?

పెద్దమ్మ నన్ను కొట్టలేదు. నా బిళ్ళను కూడా విప్పలేదు. నన్ను ఇంట్లోనే ఉండమని చెప్పి ఎదురింటికి వెళ్ళింది. అక్కడ ఏం చెప్పిందో నేను అడగలేదు, అడిగే ధైర్యం లేదు. నాగవేణమ్మ ఏడాదిపాటు మా గడప తొక్కలేదు. పెద్దమ్మ నా పేరు చెప్పి ఉంటుందనుకుని, నాగవేణమ్మ కనిపిస్తే నేను వేరే సందులోకి తప్పుకునేదాన్ని. ఆ ఏడాదంతా పెద్దమ్మ ఎదురింటి తలుపు చూస్తూ అల్లుకునేది, పలకరించినా జవాబు వచ్చేది కాదు. చివరికి ఒకనాడు నాగవేణమ్మే కొత్త బిళ్ళతో వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఎప్పటిలాగే మాట్లాడుకున్నారు.

ఆ మంగళవారం నేను చేరిన కాసేపటికి నాగవేణమ్మ బేతమంగళలోని కొడుకు ఇంటినుంచి బస్సులో వచ్చింది. పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్న ఆమెను చూసి, లైనులోని పాతమనిషి ఒకామె నాతో అంది, వీళ్ళిద్దరూ ఒక ఏడాది మాటల్లేకుండా ఉన్నారనీ, చూపు మసకలో ఏదో అనుకుని నాగవేణి బిళ్ళను రత్నమ్మే విప్పేసిందట అనీ. వెళ్ళి నాగవేణమ్మ పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఆ పొద్దు నీ బిళ్ళ విప్పింది పెద్దమ్మ కాదు, నేను" అన్నాను.

ఆమె నావైపు తిరగకుండానే జవాబిచ్చింది. "తెలుసు పాపా. మీ పెద్దమ్మ ఒకరి అల్లిక విప్పే మనిషేనా? ఆయమ్మ నోరు తెరిస్తానే అబద్ధమని తెలిసిపోయె."

మరి ఏడాది ఎందుకు మాట్లాడలేదని అడిగాను.

"నాకాడ కూడా అబద్ధమేనా అని కోపం. ఆమీట అర్థమైంది. మొగుడు పోయినదాని బిళ్ళని పీకేసినావని నలుగురూ నిన్ను అంటారని, నీకు అడ్డం నిలబడినాది. నేనన్నా ఆ పొద్దే ఆయమ్మ చెయ్యి పట్టుకోని నాకు తెలుసక్కా అని ఉండాల్సింది."

నాకు తెలిసి మా పెద్దమ్మ జీవితంలో ఆడిన అబద్ధం అదొక్కటే. దానికోసం ప్రాణస్నేహితురాలి మౌనాన్ని ఏడాదిపాటు భరించింది, నాతో ఒక్క మాట కూడా అనలేదు. ఆమె చేసిన కేజులు ఎన్నో ఊళ్ళలో తల్లుల భుజాల మీద ఉన్నాయి. అంతటి పనితనం మరొకరికి వస్తుందేమో, అంతటి మనసు నేను మళ్ళీ చూడను. ఆ పుణ్యమూర్తికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. నమస్కారం ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. క్షమించమని అడగడానికి మాత్రం మంగళవారం పొద్దుదాకానే సమయం ఉండింది.