టైలరత్త చెప్పిన ఒకే ఒక్క నిజం

టైలరత్తకు ఉన్నది ఒకటే జబ్బు: చచ్చినా నిజం చెప్పదు. బెండకాయలు తరుగుతూనే "ఇవాళ వంకాయ" అంటుంది. టైమెంతంటే గడియారం చూసి మరీ గంట తేడాగా చెబుతుంది. పిల్లలు బొంకితే "టైలరత్త పోలికేరా నీకు!" అని తల్లులు మొట్టేవాళ్లు.

ఆమె మేడమీద గదిలోకి ఒక అమ్మాయి అద్దెకొచ్చింది. కొట్టే మొగుణ్ని వదిలి, రెండేళ్ల పాపను చంకనేసుకుని వచ్చేసింది. ఆ గది తలుపు వెనక ఎవరో పిల్లల ఎత్తులు కొలిచిన పెన్సిల్ గీతలున్నాయి. అమ్మాయి కింద అత్త షాపులో కాజాలు కుడుతుంది. మళ్లీ వాడి కంట పడకూడదని ఆమె పంతం. పేరు మార్చుకుంది, ఊరు చెప్పలేదు. ఇంకేం భయమనుకుంది.

"పాలావిడతో ఏం వాగావ్?" అంది అత్త ఒకనాడు.

"ఏం లేదత్తా. పాపకి పాలు పడవన్నా."

"ఇస్త్రీ ఆయనతో?"

"ఇదివరకు యూనిఫాంలు కుట్టేదాన్నని..."

"ఎదురు కిరాణాకొట్టాయనతో?"

"సంచీ ఎడంచేత్తో అందుకున్నానని కసిరాడు. పుట్టుకతో అంతేనన్నా."

అత్త నోట్లోని గుండుసూదులు తీసింది. "పిచ్చిమొహమా! ఆ మూడూ ఒకచోట చేరితే వాడికింక నీ పేరెందుకే?"

అమ్మాయి చేతిలో గుడ్డ జారిపోయింది. "ఇప్పుడెలా?"

"చెప్పిన నిజాన్ని మింగలేం. దానిమీద నాలుగు అబద్ధాలు పోద్దాం."

మర్నాటికల్లా, అమ్మాయి వీధిలో చెప్పుకొచ్చిన లెక్కన, పాప రోజుకు లీటరు పాలు తాగేస్తోంది. అమ్మాయి సర్కస్ గుర్రాలకు జీనులు కుట్టింది. కుడిచెయ్యి బెణికిందట, పాపం. మొగుడు పోలీసట!

అసలు మొగుడు వెతుక్కుంటూ రానే వచ్చాడు. పాలావిడనీ, ఇస్త్రీ ఆయననీ అడిగి, తల గోక్కుంటూ షాపు ముందు నిలబడ్డాడు. అమ్మాయి తెర వెనక పాప నోరు మూసి పట్టుకుంది.

"మేడమీద ఎవరుంటారు?"

"ఎడంచేతి వాటం పిల్ల. మొగుడు కొడితే వచ్చేసింది. యూనిఫాంలు కుట్టేదట. పాపకి పాలు పడవు" అంది అత్త, తాపీగా.

ఎదురుకొట్టాయన పగలబడి నవ్వాడు. "అయ్యా, ఆవిడ మాట నమ్మారా? పుట్టి బుద్ధెరిగాక ఒక్క నిజం చెప్పలేదు! పైనున్నది పోలీసాయన భార్య. మీరెందుకడుగుతున్నారో ఆయనొచ్చాక చెబుదురుగానీ, కూర్చోండి."

వాడు కూర్చోలేదు. వీధి చివరి దాకా వెనక్కి కూడా చూడలేదు.

"నా ప్రాణం పోయిందత్తా! నిజం ఎలా చెప్పేశారు?"

"ఉన్నది ఒక్కటి. ఇన్నాళ్లూ దాచా."

అమ్మాయి పాపను చంకనేసుకుని అడిగింది: "ఆ తలుపు వెనక గీతలు... నాలాగే వచ్చినవాళ్ల పిల్లలవేనా?"

"ఛ! ఎలుకలు గీకాయి."

అమ్మాయి పైకెళ్లి, పాపను తలుపుకి ఆనించి నిలబెట్టి, ఎడంచేత్తో ఇంకో ఎలుక గీత గీసింది.