చిత్తూరు నుంచి శ్రీ సిటీకి: నాలుగు లైన్ల పరీక్ష

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పదహారేళ్ళుగా టెక్నీషియన్‌ని. గుజ్జు వేడి చేసే లైను, డబ్బాలు నింపే లైను, వాటిని నడిపే పీఎల్‌సీలు అన్నీ నా చేతి కిందివే. పీఎల్‌సీ అంటే యంత్రానికి ఎప్పుడేం చేయాలో చెప్పే చిన్న కంప్యూటర్ పెట్టె. ఈ సీజన్‌తో ఫ్యాక్టరీ మూసేస్తామని ఓనరు చెప్పేశాడు. అంతలో శ్రీ సిటీలో ఒక కంపెనీకి టెక్నీషియన్లు కావాలని నోటీసు కనబడింది. వయసు నలభై లోపు ఉండాలట. నాకు వచ్చే నెలలో నలభై నిండుతాయి. కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసే పైథాన్ భాష తెలిసి ఉండాలని కింద ఒక ముక్క ఉంది. పదిహేను రోజులు ఫోన్‌లో వీడియోలు చూసి, ఇది నల్లేరు మీద నడకే అనుకున్నాను.

పొద్దున ఐదింటికి చిత్తూరులో బస్సెక్కితే ఏడు గంటలకు తిరుపతి. టిక్కెట్టు నూరు పైచిలుకు. అక్కడ సత్యవేడు బస్సు పట్టుకుని, శ్రీకాళహస్తి మీదుగా వరదయ్యపాలెంలో దిగేసరికి తొమ్మిదిన్నర. అక్కడి నుంచి షేర్ ఆటో, మనిషికి నలభై. డ్రైవరు నా చేతిలోని ఫైలు చూశాడు.

"యాడికప్పా, ఇంటర్వ్యూకా?"

"అవునప్పా."

"పొద్దన్నించి నలుగుర్ని దింపినా. అంతా పిలకాయలే."

ఆ మాటతోనే నా వయసు గుర్తొచ్చింది.

పదకొండుకు పరీక్ష. నాకంటే పదిహేనేళ్ళు చిన్నదైన ఇంజనీరమ్మాయి మర్యాదగా కూర్చోబెట్టింది. బల్ల మీద వేడి కొలిచే సెన్సరు, పక్కన ల్యాప్‌టాప్. వేడి ఎనభై డిగ్రీలు దాటితే తెర మీద హెచ్చరిక రావాలి, పైథాన్‌లో రాయమంది. రోజూ చేసే పనే కదా! వేడి చదువు, ఎనభై దాటిందా చూడు, దాటితే హెచ్చరించు. నాలుగు లైన్లలో ముగించి నడిపించాను. ఆమె సెన్సరుకు వేడిగాలి పట్టింది. పక్కనున్న మీటరులో ఎనభై దాటింది, తొంభై దాటింది. తెర మీద మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"సెన్సరు పోయిందేమోమ్మా," అన్నాను.

"సెన్సర్ బాగుంది సార్. మీ ప్రోగ్రాం ఒక్కసారి చూసి ఆగిపోయింది. మళ్ళీ మళ్ళీ చూడమని మీరు రాయలేదు."

"రాసేదేముండాది? అది దానంతట అదే తిరగతా ఉంటాది గదా!"

"పీఎల్‌సీలో తిరుగుతుంది సార్. ఇందులో మనం చెప్పాలి."

పీఎల్‌సీలో రాసింది కరెంటు ఉన్నంతసేపూ పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి, ఎవరూ చెప్పకుండానే నడుస్తుంది. పదహారేళ్ళ అలవాటది. తల కొట్టేసినట్టయింది. ఇంకొక్కసారి రాస్తానమ్మా అని బతిమాలాను. "అందరికీ ఒక్కసారే సార్," అంది తల వంచుకుని. ఇక్కడి పనిలో ప్రతి యంత్రం వివరాలూ పైథాన్‌తోనే కంప్యూటర్లకు పంపాలట, కెమెరాలు చూసినది లెక్కకట్టాలట. పీఎల్‌సీ ఒక్కటే వస్తే ఇక్కడ సరిపోదని చెప్పింది.

గేటు బయట మెస్సులో భోజనం ఎనభై రూపాయలు. వడ్డించే ఆవిడ నా విస్తరి, పక్కనున్న ఫైలు చూసి ఆగింది.

"ఏందన్నా, అన్నం అట్నే పెట్టేసినావు? సాంబారు బాగలేదా?"

"బాగుండాదిమ్మా. నాకే దిగలేదు."

"పోనీలేన్నా, ఇంకో కంపెనీ ఉండదా?"

ఉంటుంది. అక్కడా ఇదే అడుగుతారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను. మూడేళ్ళ క్రితం మా ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన ఒకాయన, కలిసి పైథాన్ నేర్చుకుందాం రా అన్నాడు. తాతకు దగ్గులు నేర్పతావా అని నవ్వాను. లైను ఆగకుండా నడుస్తుంటే నేనూ ముందుకు పోతున్నాననుకున్నాను. పోలేదు. ఇంటికి ఫోన్ చేసి ఫలితం తరువాత చెప్తారట అని అబద్ధం చెప్పాను. ఇంతకంటే సిగ్గుపడ్డ రోజు నాకు గుర్తు లేదు.

మీరూ ఇలాంటి పరీక్షకు బయలుదేరుతుంటే ఒక్క సలహా. వీడియోలు చూసి ఊరుకోకండి. ఇంట్లోనే ఒక ప్రోగ్రాం సొంతంగా రాసి, నిజంగా నడిపి చూసుకోండి. ఇంట్లో తప్పయితే మళ్ళీ రాసుకోవచ్చు.