గుడ్డ కింది ఇనుము

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఇనుప బరువు. మాటవరసకు అనడం లేదు. నిజంగానే ఇనుము. నేనే కోసి, నేనే అతికి, నేనే దాచాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మా అక్క భర్త, అంటే మా బావ, రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి విమానం కట్టాడు. నవ్వుకోండి, అందరూ నవ్వారు. ఆయనకు సిల్తారాలో స్టీలు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. ప్రాణం మాత్రం ఆ షెడ్డులో ఉండేది. ఒక్క మనిషి పట్టే చిన్న విమానం. సన్నటి గొట్టాల చట్రం, దాని మీద గుడ్డ, ముందు ఇంజను. వెల్డింగు నాది. నేను రైల్వేలో వ్యాగన్లు బాగుచేసే వెల్డర్ని.

అతుకు కనిపిస్తే దాని మీద ఇంకో ఇనుప పట్టీ వేసి బిగించడం మా వ్యాగన్ వాళ్ళ అలవాటు. డ్రాయింగులో లేనిది ఒక్క ముక్క కూడా వెయ్యొద్దని బావ మొదటి రోజే చెప్పాడు. సరేనన్నాను. కానీ ఆ గొట్టాలు నా చేతికి చీపురుపుల్లల్లా తగిలేవి. ఆఫీసు మనిషి, ఈయనకేం తెలుసు అనుకున్నాను. ఆయన ఊళ్లో లేనప్పుడు సీటు కిందా వెనకా అతుకతుక్కీ పట్టీలు వేసి, పైన గుడ్డ కూడా కప్పేశాను. పని ముందుకు నడిచిందని బావ మురిసిపోయాడు. అక్క పసుపుకుంకుమల కోసం వేశానా? చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అబద్ధం. అది నా పనితనం మీద నాకున్న పొగరు.

తూకం రోజున ధాన్యం కొట్టు నుంచి మూడు కాటాలు తెచ్చి ఒక్కో చక్రం కింద ఒక్కోటి పెట్టాం. లెక్క చూసి బావ ముఖం మాడిపోయింది. ఖాళీ విమానమే ఇంత బరువుంటే ఇక మనిషినీ పెట్రోలునూ ఎలా మోస్తుంది?

"ఏట్రా ఇది, ఇంత వజన్ ఎక్కడ్నుంచొచ్చింది? నువ్వేటైనా ఎక్‌స్ట్రా ఏసినావా? సచ్ బోల్, నిజం సెప్పు. ఏసుంటే గుడ్డ కోసి తీసేద్దాం, నేనేటీ అన్ను."

"లేదు బావా. అంతా మీ డ్రాయింగ్ ప్రకారమే. రంగు మందంగా పడిందేమో."

ఆయన నమ్మాడు.

నమ్మి, ఆ రంగు నాచేతే గీకించాడు. సీటు పరుపు తీసేశాడు. చిన్న బ్యాటరీ పెట్టాడు. అవీ చాలక తనే తగ్గడం మొదలుపెట్టాడు. రాత్రి అన్నం మానేసి మజ్జిగ తాగి లేచిపోయేవాడు. ఆయనకేదో జబ్బు చేసిందని అక్క నా దగ్గర ఏడ్చింది. నేను అదే ఇంట్లో కడుపునిండా తిని చెయ్యి కడుక్కున్నాను. నా ఇనుముకు చోటివ్వడానికి ఆ మనిషి తన ఒంటిని కరిగించుకుంటున్నాడని తెలిసీ నోరు విప్పలేదు. నేనేం మనిషిని?

చివరికి బరువు హద్దు అంచుకు దిగింది. ఇక చాలన్నాడు. ఎండాకాలం, అభన్‌పూర్ దగ్గర బీడులో విమానం పరుగెత్తింది, లేచింది. ఇంకాస్త లేవాల్సిన చోట లేవలేక పొలం గట్టుకు కొట్టుకుంది. బావ మోకాలు నుజ్జయింది.

ఆస్పత్రిలో ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. నడపడంలో తన చెయ్యే తప్పిందన్నాడు. మళ్ళీ ఎగరలేదు. చట్రాన్ని నేనే ముక్కలుగా కోసి పాత ఇనుప సామాన్ల వాడికి వేశాను, పట్టీలు ఎవరి కంటా పడకూడదని. ఎంత సాయం చేస్తున్నాడో అని అక్క పొంగిపోయింది.

ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చుట్టాలు బావను పైలట్ గారూ అని ఆటపట్టిస్తారు. ఆయన కుంటుతూ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, వీడి వెల్డింగు గట్టిది కాబట్టే బతికి బయటపడ్డానంటాడు. నేను తల దించుకుంటాను. వాళ్ళు దాన్ని వినయమనుకుంటారు.

ఆయనకు చెబుతానా? చెప్పలేను. ఆ చెయ్యి నా భుజం మీద నుంచి తీసేస్తాడని భయం. మిమ్మల్ని క్షమించమనీ అడగను. ఆకలితో పడుకున్నది మీరు కాదు కదా. ఒక్క మాట మాత్రం ఎవరితోనైనా అనాలని ఇన్నేళ్లూ కొట్టుమిట్టాడాను. అంటున్నాను, కాస్త ఊపిరాడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది.

ఆ రోజు మా బావ చెయ్యి తప్పలేదు.