సుధాకరరావు గారు చెయ్యి కడుక్కునేదాకా

సుధాకరరావు గారంత నిదానంగా భోంచేసే మనిషి ఖతార్ మొత్తం మీద ఇంకొకరు లేరు. ఎడారిలో గ్యాస్ ప్లాంట్లు లేచాయి, దోహాలో అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. విస్తరి ముందు నుంచి ఆయన మాత్రం లేవలేదు.

ఆయన పప్పన్నం కలుపుతుండగానే పక్కవాళ్ళు మజ్జిగకి వచ్చేసేవారు. అంతటితో పోతే బాగుండేది. వయసులో పెద్ద, పంక్తిలో మొదటివాడు. పెద్దాయన లేవకుండా లేవకూడదని కోనసీమ నుంచి కరీంనగర్ దాకా అందరికీ ఇళ్ళల్లో నేర్పే పంపారు. దోహా పక్కన అల్ రయ్యాన్‌లో ఉగాది భోజనాలంటే, ఎంగిలి చేతులు ఎండిపోయి, కాళ్ళు తిమ్మిరెక్కి, నలభైమంది ఆయన దవడ వంకే చూస్తూ కూర్చునేవారు. ఆయనేమో తాపీగా ఇంకాస్త పులుసు పొయ్యమనేవారు.

అందరికంటే నలిగినవాడు రామచంద్రరావు. ఆయన కింద పనిచేసే ఇంజినీరు. ఆయన్ని కార్లో తిప్పేదీ అతనే. ఈయనతో తిన్న ప్రతిసారీ, తిన్నది అరిగి మళ్ళీ ఆకలేసేది.

ఆ వేసవిలో లింబాద్రి చనిపోయాడు. నిర్మల్ దగ్గరి పల్లె. రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంటు పైపుల పని. ఎండలో డ్యూటీ చేసి, క్యాంపుకొచ్చి పడుకున్నాడు, తెల్లారి లేవలేదు. గుండె ఆగిందని రాశారు. చచ్చిన ఎవరికైనా ఆగేది అదే. సైటులో రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ తర్వాతా అందరూ అదే పాటించారు.

శవం విమానమెక్కే రోజు వచ్చింది. వెంట వెళ్ళి కొరివి పెట్టవలసినవాడు తమ్ముడు రాజేశం. అదే క్యాంపు, అదే కంపెనీ. దేశం దాటాలంటే కంపెనీ అనుమతి కాగితం కావాలి. కూలీలను పంపే ఆ కంపెనీకి మేనేజరు హైదరాబాదు మనిషి ముజఫ్ఫర్ అలీ. వెళ్ళినవాడు తిరిగి రాడని అతని భయం. రేపు, రేపు అంటూ వారం నెట్టి, చివరికి ఫోనెత్తడం మానేశాడు.

ఆ సాయంత్రమే ప్లాంటు కట్టే పెద్ద కంపెనీ బాసు, జపాను ఆయన మొరిత, దోహా హోటల్లోని ఇజకాయా అనే జపాను భోజనశాలలో విందు ఇచ్చాడు. ఆ కంపెనీకే కూలీలను పంపే అలీ కూడా వస్తున్నాడు. దారిలో రామచంద్రరావు బతిమాలాడు.

"సార్, ఈ ఒక్కపూట త్వరగా కానివ్వండి. అలీ కారెక్కేలోపు బయట పట్టుకోవాలి."

"అలాగేనయ్యా," అన్నారు సుధాకరరావు గారు.

ఇజకాయాలో విస్తళ్ళు ఉండవు. చిన్న చిన్న పళ్ళేలు బల్ల మధ్యకు వస్తూనే ఉంటాయి. అందరూ అందులోంచే పుల్లలతో తీసుకుంటారు. ఎంగిలి అనే మాటకు అక్కడ చెల్లుబాటు లేదు. శాకాహారి కనుక సుధాకరరావు గారికి విడిగా ఉప్పేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు ఒక గిన్నెడు పెట్టారు. ఆయన ఒక కాయ తీశారు. వెలుతురుకు పెట్టి చూశారు. ఒలిచారు. ఒక గింజ నోట్లో వేసుకుని, రెండోదాని గురించి ఆలోచించారు.

రామచంద్రరావుకు ఆ గిన్నె ఎత్తి ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. విమానాశ్రయం బయట సంచీతో రాజేశం నిలబడి ఉన్నాడు. అలీ కోడి ముక్కలు ముగించి, గడియారం చూసుకుని, సగం లేచాడు.

"మిస్టర్ రావ్ ఇంకా తింటున్నారు," అన్నాడు మొరిత మెల్లగా. పెద్ద అతిథి తింటుంటే లేవకపోవడం వాళ్ళ ఇళ్ళల్లోనూ నేర్పినట్టుంది. అలీ కూర్చున్నాడు.

ఇంకో కాయ.

"సాబ్, ఎంతసేపు తింటరు?" అన్నాడు అలీ, నవ్వు తెచ్చిపెట్టుకుని.

"రాజేశం కాగితం అయ్యేదాకా, ముజఫ్ఫర్ భాయ్."

"ఇక్కడ ఆ మాటెందుకు? రేపు చూద్దాం."

"చూద్దాం. రేపటిదాకా నాకీ కాయలు సరిపోతాయి."

ఏమిటని మొరిత అడిగాడు. సుధాకరరావు గారు ఇంగ్లీషులో నాలుగు ముక్కల్లో చెప్పారు. మొరిత చెయ్యెత్తి, ఇంకో గిన్నెడు కాయలు తెప్పించి, రెండు చేతులతో ఆయన ముందు పెట్టాడు.

ఆ రెండో గిన్నె చూశాక అలీ ఫోను తీశాడు. ప్రభుత్వాఫీసు పనులు చూసే తన మనిషిని పిలిచి, యల్లా, ఇప్పుడే చెయ్యమన్నాడు. అయిందని అవతలినుంచి తిరిగి ఫోను వచ్చేదాకా సుధాకరరావు గారు ఒలుస్తూనే ఉన్నారు. అప్పుడు లేచి చెయ్యి కడుక్కున్నారు.

విమానాశ్రయం దగ్గర ఆయన కౌంటరులో ఏదో అడగడానికి వెళ్ళినప్పుడు, ఆ నిదానమే ఇవాళ పనికొచ్చిందని రాజేశంతో అని రామచంద్రరావు నవ్వబోయాడు. రాజేశం నవ్వలేదు.

"గిదేం కొత్తగాదు సారూ. ఉగాదికి మా క్యాంపు బస్సు ఎప్పుడొచ్చినా ఆలస్యమే. పెద్దసారు లేస్తే వడ్డనోళ్ళు గిన్నెలు సర్దేస్తరు. మేమొచ్చి కూసుని, మా ఆఖరోడు తినేదాక సారు లేవకుండె. మా అన్న అంటుండె, పాపం సారుకు కడుపు పగుల్తదిరా, జల్ది తినుండ్రి అని."

రాజేశం దండం పెట్టి లోపలికి పోయాడు. వాళ్ళన్న సరుకు గేటునుంచి పోయాడు.

బయట బండి దగ్గర సుధాకరరావు గారు శనగ వడలు చుట్టిన ఫలాఫిల్ రొట్టెలు రెండు కొన్నారు. రామచంద్రరావు కాగితం విప్పేలోగా ఆయనది అయిపోయింది. నాలుగంటే నాలుగు ముద్దలు. చేతులు దులుపుకుని, అతని చేతిలో ఉన్న రొట్టె వంక విసుగ్గా చూశారు.

"ఏమిటయ్యా, నీతో తిండికి రావడమంత నరకం ఇంకోటి లేదు. కానీ, త్వరగా."